ఉయ్యాలలో కొర్రమీను

ఒకానొక రాజ్యంలో ఒక కొలను, కొలను పక్కన ఒక రాజు, రాజుగారి పక్కన ఒక తిండిపోతు ఉండేవారు. రాజుగారి పేరు ఉద్దండ భూపతి. తిండిపోతు పేరు బుడమయ్య. అది నేనే.

కొలువులో నా ఉద్యోగం ప్రభువులను నవ్వించడం. అందుకు నేను పెద్దగా కష్టపడనక్కర్లేదు. మెట్లు దిగుతుంటే చాలు, సభంతా నవ్వేది. నా మాటల్లో చమత్కారం ఉందని బయట జనం చెప్పుకునేవారు గానీ, సభలోకి నా మాట కన్నా ముందు నా పొట్ట వచ్చేది. నవ్వులో సగం దానికే దక్కేది.

ఇక కొలను సంగతి. రాజోద్యానం అంచున ఉండేది. దాని మీదుగా అడ్డంగా ఒక గోడ. గోడకు ఇవతలి సగం రాజుగారిది, అవతలి సగం పూలవీధి వారిది. ప్రభువుల ముత్తాతగారు దాన్ని తవ్వించినప్పుడు పలుగూ పారా పట్టింది ఆ వీధివాళ్ళే. అందుకని "నీళ్ళలో సగం మీవి" అని ఆయన మాట ఇచ్చారట. కాకపోతే నీటి ఊట మాత్రం రాజుగారి సగంలోనే ఉంది. గోడ అడుగున ఉన్న తూములోంచి పారితేనే అవతలికి నీళ్ళు. ఆ నీళ్ళతోనే పూలవీధిలో మల్లెమడులు, మరువం మడులు తడిసేవి.

ఉద్దండ భూపతులవారికి తాము చేసే ప్రతి పనీ లోకంలో మొదటిసారి జరుగుతున్నదని గట్టి నమ్మకం. ఒక ఏడు ఓడ మీద దీవుల నుంచి నలభై బంగారు చేపలను తెప్పించి కొలనులో వదిలారు. అవి బాగా కనబడాలని తామరాకులన్నీ పీకించేశారు. రోజూ సాయంత్రం మెట్టు మీద కూర్చుని, "చూశావా బుడమయ్యా! మమ్మల్ని చూడగానే నోళ్ళు తెరుస్తున్నాయి. మా కీర్తి గానం చేస్తున్నాయి" అనేవారు.

చేపలు ఊరికే నోరు తెరుస్తాయి. నేనూ అంతే కాబట్టి ఏమీ అనలేదు.

ఆకులు పోయిన మూడో రోజున కొంగ వచ్చింది. దాని వెనకే లకుముకిపిట్ట వచ్చింది. ఆ తర్వాత ఎక్కడినుంచో ఒక తాబేలు నడిచి వచ్చి, ప్రభువులు కూర్చునే మెట్టు మీదే ఎండ కాచుకోసాగింది. కాపలావాళ్ళు డప్పులు కొట్టారు, రాళ్ళు విసిరారు. ఒక రాయి వచ్చి ఆస్థాన పండితులు కేశవ సోమయాజులవారి తలపాగాకు తగిలింది. కొంగకు మాత్రం ఏమీ కాలేదు.

"కొంగను బెదిరించేది మా రాజ్యంలో ఒక్కటీ లేదా?" అని ప్రభువులు సభలో గర్జించారు.

నా నోరు ఊరుకోదు కదా. "పొద్దున్నే నా మొహం చూస్తే మా ఆవిడే జడుసుకుంటుంది ప్రభూ" అన్నాను.

సభంతా నవ్వింది. ప్రభువులు నవ్వలేదు. మర్నాటి నుంచి రోజూ ఉదయం ఒక జాముసేపు నన్ను నడుము లోతు నీళ్ళలో దిష్టిబొమ్మగా నిలబెట్టారు.

మొదటి రోజు నన్ను చూసి కొంగ ఎగిరిపోయింది. అంత గౌరవం నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. రెండో రోజు దూరంగా నిలబడి చూసింది. మూడో రోజు పక్కకు వచ్చింది. నాలుగో రోజు నా భుజం మీదే వాలి, అక్కడినుంచి వేట మొదలుపెట్టింది. కొంగజపం అంటారే, దాన్ని నా అంత దగ్గరగా చూసినవాడు రాజ్యంలో ఇంకొకడు లేడు.

గోడ అవతలి నుంచి పూలవీధి పెద్ద పైడమ్మ ఇదంతా చూసి కడుపు పట్టుకుని నవ్వేది. "ఆకులన్నీ పీకేసి కొంగని తిట్టుకుంతే ఏటి లాభం బుడమయ్యా? సేప దాక్కోడానికి సోటేది?" అనేది. ఆ ముక్క ప్రభువులకు చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ప్రభువులకు సలహా చెప్పినవాళ్ళకు ఏదో ఒక కొత్త ఉద్యోగం వచ్చేది, నాకు ఉన్నదే తడిగా ఉంది.

పైడమ్మకు నేనంటే అభిమానం. ఆమె మనవరాలి పెళ్ళిలో నేను రెండు చతుర్లు చెప్పి నాలుగు విస్తళ్ళు ఖాళీ చేశాను. చతుర్లకు కృతజ్ఞతగా, ఆషాఢంలో తొలి వానలు పడ్డాక, రెండు కొర్రమీనులను బతికున్నవే కుండలో వేసి మా ఇంటికి పంపింది. ఒకటి ఆడది, ఒకటి మగది.

అప్పుడు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. పులుసు నేనే పెట్టుకుందామని నడుం కట్టాను. చింతపండు నానబెట్టాను, మసాలా నూరాను. అంతవరకు నా వంట అమోఘం. తీరా చేపను పట్టుకుంటే చేతిలోంచి జారి, గాలిలో తిరిగి, తోకతో నా చెంప పగలగొట్టింది. ముప్పై ఏళ్ళుగా కొలువులో ఉండి ఎవరిచేతా చెంపదెబ్బ తినలేదు. రెండోది కుండలోంచి తల ఎత్తి నా వైపు చూసింది. దాన్ని చూస్తే నాకు జాలి వేసిందని తర్వాత అందరికీ చెప్పాను. నిజానికి భయం వేసింది.

కుండ ఎత్తుకుని కొలను దగ్గరికి నడిచాను. గోడకు అవతల వదలాల్సింది. అవతలికి పోవాలంటే ఇంకో నూరడుగులు నడవాలి. ఇవతలే బోర్లించి, కుండ గట్టు మీదే వదిలేసి ఇంటికొచ్చి చింతపండు రసం తాగి పడుకున్నాను. ఆ నూరడుగులే తర్వాత నా కొంప ముంచాయి.

శ్రావణంలో ఒకరోజు కొలనులో ఎర్రటి మబ్బు లాంటిదొకటి తేలింది. దగ్గరికెళ్ళి చూస్తే గోరంత గోరంత చేపపిల్లలు, వందలకొద్దీ, కుంకుమ చల్లినట్టు ఎర్రగా మెరుస్తూ గుంపుగా తిరుగుతున్నాయి. కొర్రమీను పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగానే ఉంటాయి, పెరిగాక నల్లబడతాయి. ఈ సంగతి పూలవీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. రాజభవనంలో ఎవరికీ తెలియదు.

"మా బంగారు చేపలు ప్రసవించాయి!" అని ప్రభువులు చప్పట్లు కొట్టారు.

సోమయాజులవారు పంచాంగం తిప్పి మీనమేషాలు లెక్కపెట్టారు. చేపల విషయంలో ఆ పని నిజంగా చేసినవారు ఆయనొక్కరే. "దివ్య ముహూర్తంలో జననం మహాప్రభో! ఇవి రాజవంశ మత్స్యాలు" అన్నారు.

"మరి తల్లులు కనబడవేం?" అని రాణిగారు అడిగారు. అప్పటికే బంగారు చేపలు నలభైకి పాతిక మిగిలాయి. మిగతావి ఎక్కడున్నాయో నాకూ తెలుసు, నా కొర్రమీనులకూ తెలుసు.

"పురిటి మైల కదా తల్లీ, బయటికి రావు" అన్నారు సోమయాజులవారు.

ఇరవయ్యొకటో రోజున బారసాల పెట్టారు. నిజంగానే పెట్టారు. వెండి గంగాళంలో నీళ్ళు పోసి, అయిదు పిల్లలను అందులో వేసి, గంగాళాన్ని పూల ఉయ్యాలలో పెట్టి ముత్తయిదువులు జోల పాడారు. ప్రభువులు పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో తమ తాతముత్తాతల పేర్లు రాసి, గంగాళం మీదికి వంగి ఒక్కొక్కరికీ పేరు చెప్పారు. పెద్దవాడికి తాతగారి పేరు పెట్టారు, ప్రచండ భూపతి అని. "ఈనాటి నుంచి వీరు మా మనవలు" అని డప్పు వేయించి, మళ్ళీ కొలనులో వదిలారు. సోమయాజులవారు జాతకం రాసి చదివారు: "దీర్ఘాయుష్మంతులు. శత్రుశేషం లేకుండా ఈ జలాశయాన్ని ఏకచ్ఛత్రంగా ఏలుతారు."

నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. సరిగ్గా అప్పుడే ఎవరో పరమాన్నం దొన్నె చేతికిచ్చారు.

కార్తీకం వచ్చేసరికి ఎరుపు పోయింది. మాఘం నాటికి కొలనులో మూరెడు మూరెడు నల్లని కొర్రమీనులు తిరుగుతున్నాయి. బంగారు చేపలు ఏడే మిగిలాయి, అవి కూడా తూము మూల బిక్కుబిక్కుమంటూ. ప్రభువులు సాయంత్రం మెట్టు మీద కూర్చుంటే కీర్తి గానం చేసేవాళ్ళే లేరు.

"మా మనవలేరి? ఈ నల్ల దొంగలెవరు?" అని కేకలు వేశారు.

సోమయాజులవారి ముఖం పాలిపోయింది. పాపం, ఆయన జాతకం రాసిన తాటాకు మీద గంటపు గీతలు ఇంకా కొత్తగానే ఉన్నాయి. గోడ వైపు చెయ్యి చూపించి, "తూము దారిన పూలవీధి వాళ్ళు దుష్టమత్స్యాలను తోలారు మహాప్రభో! తమ వంశాంకురాలను మింగించారు!" అన్నారు.

ఆ క్షణమే ఆజ్ఞ వెలువడింది. పౌర్ణమి నాడు ఈటెలతో నల్ల చేపలన్నింటినీ పొడిచి పారేయాలి. తూమును రాళ్ళతో, సున్నంతో మూసేయాలి.

మర్నాడు నేను నీళ్ళలో నిలబడి ఉండగా పైడమ్మ గోడ మీదికి వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"ఏటి బుడమయ్యా, పులుసు బాగున్నాదా?" అంది.

నేను నీళ్ళు నమిలాను. చుట్టూ నీళ్ళే కదా, కొరత లేదు.

"నాకు తెల్దనుకున్నావేటి? నా కుండ మీ గట్టు మీదే పడుంది ఇన్నాళ్ళూ. ఎండలొస్తన్నాయి. తూము మూసీస్తే పది రోజుల్లో మల్లెమొక్క ఒక్కటి మిగల్దు. ముప్పై ఇళ్ళోళ్ళం. నాను నీకు నవ్వుతా సేపలంపేను. నువ్వు మా గొంతుక్కి ఉరి అంపేవు."

ఆ మాట అని దిగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. నాలుగు విస్తళ్ళు పెట్టిన చేతికి నేను చేసిన పని ఇది. భుజం మీది కొంగ కూడా నా మొహం చూడలేక ఎగిరిపోయింది.

నిజం చెబితే తల పోతుంది. చెప్పకపోతే ముప్పై ఇళ్ళ బతుకు పోతుంది. ఇంట్లో అద్దంలో తల చూసుకున్నాను. రాజ్యానికి అదేమంత నష్టం కాదనిపించింది. కానీ దాన్ని పెట్టుకుని తినడం అలవాటైపోయింది. రెండూ దక్కే దారి కోసం పౌర్ణమి దాకా ఆలోచించాను.

పౌర్ణమి ఉదయం కొలను ఒడ్డు కిటకిటలాడింది. ప్రభువులు, పరివారం, సోమయాజులవారు, ఈటెలు పట్టిన భటులు, రాళ్ళూ సున్నపు తట్టలతో తాపీవాళ్ళు వచ్చారు. గోడ అవతల పూలవీధి వాళ్ళంతా మెడలు సాచి నిలబడ్డారు. నేను నా ఉద్యోగంలో, అంటే నీళ్ళలో ఉన్నాను.

అన్నింటికన్నా పెద్ద కొర్రమీను నా పక్కనుంచే తేలింది. భటుడు ఈటె ఎత్తాడు. నేను రెండు చేతులూ చాచి అడ్డం పడ్డాను.

"ఆగు! ఆగు! తాతగారిని పొడవకు!" అని అరిచాను.

భటుడు ఆగిపోయాడు. ప్రభువులు లేచి నిలబడ్డారు. "ఎవరి తాతగారు?"

"తమరి తాతగారు ప్రభూ. ప్రచండ భూపతులవారు."

"నీకు మతి పోయిందా?"

"ఉంటే కదా ప్రభూ, పోవడానికి. నా మాట వద్దు, పండితులవారిని అడుగుదాం." అని సోమయాజులవారి వైపు తిరిగి చేతులు జోడించాను. "అయ్యవారూ, బారసాల నాడు తమరు రాసిన జాతకం నిజమేనా?"

"కేశవ సోమయాజి జాతకం తప్పినట్టు విన్నావా?" అన్నారాయన మీసం సవరిస్తూ.

"ఏనాడూ వినలేదు. ఆ పిల్లలు దీర్ఘాయుష్మంతులన్నారు. మరి వాళ్ళను నల్ల చేపలు మింగేస్తే ఆయుష్షు ఏమైనట్టు?"

ఆయన తలపాగా సర్దుకున్నారు.

"శత్రుశేషం లేకుండా కొలనును ఏలుతారన్నారు. ఇప్పుడీ కొలనును ఏలుతున్నదెవరు? అయితే జాతకం తప్పయినా కావాలి, ఈ నల్లవాళ్ళే ఆ పిల్లలైనా కావాలి. ఏ మాట ప్రభువులకు మనవి చేయమంటారు?"

సోమయాజులవారు ఆకాశం చూశారు, నేల చూశారు, ఈటెలు చూశారు. చివరికి, "జాతకం తప్పదు. వీరే వారు" అన్నారు.

ప్రభువులు నీళ్ళలోకి తొంగి చూశారు. ఆ చేప కూడా ఆయన వైపు చూసింది. చదునైన నుదురు, చెవుల దాకా సాగిన నోరు, ఎవరినీ లెక్కచేయని చూపు. చిత్రశాలలో ప్రచండ భూపతులవారి పటం చూసినవాళ్ళంతా ఒక్కసారి గతుక్కుమన్నారు. ప్రభువులు కూడా.

"ఎర్రగా పుట్టినవాళ్ళు ఇంత నల్లబడ్డారేం?" అన్నారు నెమ్మదిగా.

"ఎండలో నీళ్ళలో తిరిగితే ఎవరైనా అంతే ప్రభూ. నన్ను చూడండి, నేనూ నిమ్మపండు ఛాయలో ఉండేవాణ్ణి. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే మా ఆవిడ పక్కింటికి పొమ్మంటోంది."

"మరి మా బంగారు చేపలను తిన్నదెవరు?"

"కుటుంబ కలహం ప్రభూ. రాజవంశాల్లో ఇది కొత్తా?"

ప్రభువుల మీసం ఒకవైపు కదిలింది. తమ సింహాసనం కోసం తమ ముగ్గురు అన్నగార్లు ఏమయ్యారో ఆయనకు తెలుసు. సభకూ తెలుసు.

"ఈడొచ్చిన యువరాజులను ఇంట్లోనే పెట్టుకుంటే కలహాలే" అన్నాను. "వేరే సంస్థానం ఇచ్చి పంపించాలి. గోడ అవతల సిద్ధంగా ఉంది. డప్పులతో, సారెతో సాగనంపి, తూముకు వెదురు తడిక బిగిస్తే నీళ్ళు పోతాయి, చేపలు రావు. ఏడు బంగారు చేపలూ బతుకుతాయి. నాలుగు తామర దుంపలు మళ్ళీ వేస్తే ఆకుల కింద కొంగకు దొరకవు. ఈ ఆకుల మాట నాది కాదు, పైడమ్మది. నేను దిష్టిబొమ్మను, నాకు ఇంత తెలివి ఎక్కడిది?"

ప్రభువులు మెట్లు దిగి, నీటి అంచున వంగి, నాకొక్కడికే వినబడేట్టు అడిగారు.

"బుడమయ్యా, నిజం చెప్పు. వీళ్ళ తల్లి ఎవరు?"

గోడ మీద పైడమ్మ నన్నే చూస్తోంది. ఇక దాచలేకపోయాను.

"మా ఇంటి పిల్లే ప్రభూ. పులుసు కుండ నుంచి తప్పించుకుంది. నేనే తెచ్చి వదిలాను, నూరడుగులు నడవడానికి బద్ధకించి. పూలవీధి వాళ్ళకు ఏ పాపమూ తెలియదు."

"మరి బారసాల నాడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే నోరు తెరిచాను ప్రభూ. అందులో పరమాన్నం పడింది."

ప్రభువుల కళ్ళు చింతనిప్పులయ్యాయి. నేను తొందరగా, "ఒక్క మనవి. ఆ పిల్లలకు తాతగారు తమరని తమరే డప్పు వేయించారు. తల్లి మా ఇంటిది. అంటే తమరూ నేనూ వియ్యంకులం. తప్పు జరిగిన మాట నిజమే గానీ, నిండు బంధుబలగం ముందు వియ్యంకుడి తల తీయిస్తే లోకం ఏమనుకుంటుంది ప్రభూ?" అన్నాను.

ఒక క్షణం గడిచింది. ఆ క్షణంలో నా తలకు నేను మనసులోనే వీడ్కోలు చెప్పేశాను. అప్పుడు ఉద్దండ భూపతులవారు నవ్వడం మొదలుపెట్టారు. కిరీటం జారి నీళ్ళలో పడేదాకా నవ్వారు. దాన్ని తీయడానికి నేను వంగితే నేనూ పడ్డాను. గోడకు ఇటూ అటూ జనమంతా నవ్వారు. సోమయాజులవారు కూడా ఎందుకో తెలియకపోయినా నవ్వారు.

సున్నపు తట్టలు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి. తూముకు తడిక బిగించారు. కొర్రమీనులను గంగాళాలలో ఎక్కించి, పసుపు కుంకుమలతో, మేళతాళాలతో పూలవీధికి సాగనంపారు. పెద్దవాడి గంగాళం ప్రభువులే ఒక చెయ్యి పట్టారు. నా మీద పట్టుశాలువా కప్పి, దిష్టిబొమ్మ ఉద్యోగం నుంచి తప్పించారు. శాలువా కన్నా నాకు ఆ రెండోదే పెద్ద బహుమానం. ఆ ఏడు పైడమ్మ మల్లెలు మోకాలెత్తు పెరిగాయి.

వియ్యాలవారి విందుకు ప్రభువులు మా ఇంటికి వచ్చారు. పైడమ్మ చేపలు పంపింది. ఈసారి చంపి, కడిగి, ముక్కలు కోసి మరీ పంపింది. బతికున్నదాన్ని నా చేతికి ఇవ్వనని ఒట్టు పెట్టుకుందట. మా ఆవిడ పులుసు పెట్టింది. ప్రభువులు మూడోసారి వడ్డించుకుని, ముక్క నోటి దాకా తెచ్చి ఆగారు.

"వియ్యంకుడా, ఇందులో మా తాతగారు లేరు కదా?"

"పేర్లు అడగలేదు ప్రభూ. నాకు ఆకలిగా ఉండింది" అన్నాను.